సంతకు స్వేచ్ఛ సరే... తక్కెడ ఎవరి చేతిలో?

ఇంగ్లండులో రెండు వందల ఏళ్లుగా సాగుతున్న వాదన మన పడమటి మండలాల రైతుకు ఏం చెబుతోంది?

పొద్దు ఇంకా పొడవలేదు. మదనపల్లె టమోటా మార్కెట్టు యార్డులో లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. పుంగనూరు వైపు నుంచి నలభై క్రేట్ల సరుకు తెచ్చిన ఒక రైతు తువ్వాలు భుజాన వేసుకుని, అమ్ముడుపోయిన తన క్రేట్ల పక్కనే కూర్చున్నాడు. యాలం అయిపోయింది. చేతిలో చీటీ ఉంది.

"ఏమన్నా, ఎంత పలికింది?" అని అడిగాను.

"ఏమి పలుకుతుందప్పా! నిన్నటికంటే క్రేటుకు నూరు రూపాయలు తక్కువ. ఇష్టముంటే అమ్ము, లేదంటే ఎత్తుకోనిపో అంటారు. ఎక్కడికి ఎత్తుకోనిపోదును? ఇంటికి తీసకపోతే రెండు దినాలకు నీళ్లు కారతాది. వాళ్ల ఇష్టం ఉండాది గానీ నా ఇష్టం ఎక్కడుంది?"

ఆ రైతు బడికి పోయింది అయిదో తరగతి వరకే. అయితే ఆయన అడిగిన ప్రశ్న మీదే ఇంగ్లండులో పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్లు రెండు వందల ఏళ్లుగా కొట్లాడుకుంటున్నారు. సంతను దాని మానాన వదిలేయాలా? ప్రభుత్వం చేయి పెట్టాలా? చేయి పెడితే ఎవరి కోసం? ఈ వాదన దూరదేశపు ముచ్చట కాదు. అది మన కరువుల్లోకి, మన డెయిరీలోకి, మన మామిడి తోటలోకి ఎప్పుడో వచ్చింది. అందుకే రైతు సోదరులు ఒకసారి దీన్ని కూలంకషంగా తెలుసుకోవడం మంచిది.

కోళ్ల రైతు పెట్టిన సంస్థ

ప్రభుత్వం వ్యాపారంలో తల దూర్చకూడదు, ధరను మార్కెట్టే తేల్చాలి అనే వాదాన్ని స్వేచ్ఛా విపణి వాదం అంటారు. లండన్‌లో ఈ వాదాన్ని ప్రచారం చేసే సంస్థల్లో పేరున్నది 1955లో పుట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అఫైర్స్. దాన్ని స్థాపించిన ఆంటొనీ ఫిషర్ ఎవరో తెలుసా? ఒక కోళ్ల రైతు. ఇంగ్లండులో బ్రాయిలర్ కోళ్ల పెంపకాన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టిన వారిలో ఆయన ఒకరు. కోళ్ల మీద సంపాదించిన డబ్బుతోనే ఈ సంస్థను నిలబెట్టాడు. 1979లో ప్రధాని అయిన మార్గరెట్ థాచర్ నడిపిన విధానాలకు ఇలాంటి సంస్థలే భూమిక తయారు చేశాయి. 1977లో వచ్చిన ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఈ కోవలోదే.

వీరి వాదన రైతు భాషలో చెప్పాలంటే మూడు ముక్కలు. ఒకటి, ధర అనేది ఒక కబురు. ధర పెరిగితే సాగు పెంచమని, పడితే తగ్గించమని అది చెబుతుంది. ప్రభుత్వం ధరను పట్టుకుంటే ఆ కబురు తప్పుగా చేరుతుంది. రెండు, సబ్సిడీలు, సుంకాల వల్ల బాగుపడేది పెద్ద భూస్వామి, బరువు మోసేది కొనుక్కుని తినే పేదవాడు. మూడు, కొనేవాళ్లు పదిమంది ఉంటే వాళ్లలో వాళ్లే పోటీ పడి ధర పెంచుతారు, కాబట్టి లైసెన్సులు, అడ్డుగోడలు తీసేయాలి.

ఈ మాటల్లో అబద్ధం లేదు. అయితే నిజం మొత్తం కూడా లేదు. అది ఎట్లో చరిత్రే చూపిస్తుంది.

గోధుమ మీద సుంకం

1815లో ఇంగ్లండు పార్లమెంటు 'కార్న్ లా' అనే చట్టం చేసింది. ఇక్కడ కార్న్ అంటే మొక్కజొన్న కాదు, గోధుమ వగైరా ధాన్యం. పరాయి దేశాల ధాన్యం చౌకగా రాకుండా అడ్డుకోవడం దీని ఉద్దేశం. అప్పటి పార్లమెంటు నిండా భూస్వాములే. ధాన్యం ధర నిలబడితే వాళ్ల కౌలు నిలబడుతుంది. రొట్టె ధర మాత్రం మిల్లు కూలీకి అందకుండా పోయింది. మాంచెస్టర్ వ్యాపారి రిచర్డ్ కాబ్డెన్, ఆయన సహచరుడు జాన్ బ్రైట్ ఊరూరా తిరిగి ఉద్యమం నడిపారు. చివరకు 1846లో ప్రధాని రాబర్ట్ పీల్ ఆ చట్టాన్ని రద్దు చేశాడు. స్వేచ్ఛా విపణి వాదులు ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే విజయం ఇది. పేదవాడి రొట్టె మీద భూస్వామి వేసిన పన్ను పోయింది అంటారు. అందులో న్యాయం ఉంది.

ఇక్కడ రైతు గమనించాల్సిన సంగతి ఒకటుంది. గోధుమ గాదెలో ఏడాది నిల్వ ఉంటుంది. ధర నచ్చకపోతే అమ్మేవాడు ఆగగలడు. ఆగగలిగినవాడికి బేరం చేసే బలం ఉంటుంది. మన టమోటా మూడు దినాలు ఆగదు. కాబట్టి గోధుమకు చెప్పిన సూత్రం టమోటాకు అట్నే అతకదు.

ధాత కరువు నేర్పిన పాఠం

ఆ సిద్ధాంతాన్ని తెల్లదొరలు మన మీద ప్రయోగించిన కాలం కూడా ఉంది. మన తాతల తాతలు 'ధాత కరువు' అని చెప్పుకున్న కరువు అది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పి చేసింది. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీను, కుప్పం ఉన్న కంగుంది జమీను ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినాకే ఇవన్నీ ఒక్కటయ్యాయి.

వానలు లేవు. గింజల ధర ఆకాశానికి పోయింది. మద్రాసు ప్రభుత్వం ముందుజాగ్రత్తగా కొంత ధాన్యం కొని పెట్టుకుంటే, వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం తప్పుపట్టింది. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు, ధర పెరిగితే వ్యాపారే సరుకు తెస్తాడు అన్నది వాళ్ల నమ్మకం. వ్యాపారి తెచ్చాడు కూడా. కానీ కూలికి చేతిలో డబ్బు లేదు. డబ్బు లేనివాడి ఆకలి మార్కెట్టుకు వినపడదు. దేశం నుంచి ధాన్యం ఎగుమతి కూడా ఆగలేదు. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి సహాయ పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను బియ్యం విలువకు దగ్గరగా కోత పెట్టాడు. పౌను అంటే అరకిలో కంటే తక్కువ. దినమంతా రాళ్లు కొట్టేవాడికి అది చాలుతుందా? లక్షల ప్రాణాలు పోయినాక కూర్చున్న కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత కరువు కోడ్‌లు వచ్చాయి. కరువొస్తే పని చూపించడం ప్రభుత్వం బాధ్యత అని దొరలే రాసుకోవాల్సి వచ్చింది.

కాబట్టి సంతకు ఇచ్చిన స్వేచ్ఛ సంతలోకి అడుగుపెట్టగలిగిన వాడికే పనికొస్తుంది. ఆ కరువు మనకు చెప్పిపోయిన మాట ఇదే.

ఇంగ్లండులో ఇప్పటి గొడవ

రెండో ప్రపంచ యుద్ధంలో తిండికి ఇబ్బంది పడిన ఇంగ్లండు 1947లో చట్టం చేసి రైతుకు హామీ ధరలు ఇచ్చింది. 1973లో ఐరోపా సమాజంలో చేరినాక అక్కడి సబ్సిడీలు అందుకుంది. 2020లో ఐరోపా యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది. అప్పుడు స్వేచ్ఛా విపణి వాదులు "ఇంకనైనా ఎకరాల లెక్కన ఇచ్చే సబ్సిడీ ఆపండి, ఎక్కువ భూమి ఉన్నవాడికే ఎక్కువ డబ్బు పోతోంది" అన్నారు. ఇంగ్లండులో ఆ చెల్లింపులను 2021 నుంచి 2027 దాకా మెల్లమెల్లగా తీసేయాలని నిర్ణయించారు. వాటి బదులు నేలను, నీటిని, పక్షులను కాపాడే రైతుకు డబ్బు ఇస్తామన్నారు. ఆ కొత్త పథకానికి కూడా 2025 మార్చిలో నిధులు అయిపోయాయని దరఖాస్తులు ఆపేశారు. పాత సబ్సిడీ పోతూ, కొత్తది నిలిచిపోయి రైతులు నడి ఏట్లో పడ్డట్టయింది.

2024 అక్టోబరు బడ్జెట్‌లో ఇంకో పిడుగు పడింది. వ్యవసాయ ఆస్తి 10 లక్షల పౌండ్లు దాటితే, తండ్రి నుంచి కొడుకుకు వచ్చేటప్పుడు పైమొత్తం మీద 20 శాతం పన్ను అన్నారు. నవంబరు 19న వేలమంది రైతులు లండన్ వీధుల్లోకి వచ్చారు. 2025 డిసెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆ పరిమితిని 25 లక్షల పౌండ్లకు పెంచుతామని ప్రకటించింది. స్వేచ్ఛా విపణి వాదుల్లోనే దీని మీద రెండు మాటలున్నాయి. వారసత్వపు పన్ను అసలే వద్దని కొందరు, రైతు భూమికి మాత్రమే మినహాయింపు ఇస్తే డబ్బున్నోళ్లు పన్ను తప్పించుకోవడానికి భూములు కొని ధరలు పెంచుతారని ఇంకొందరు.

మనం ఒకటి గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో సగటు కమతం 80 హెక్టార్లు, అంటే దాదాపు 200 ఎకరాలు. 2015-16 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండుంబావు ఎకరాల చిల్లర. 200 ఎకరాల ఆసామే సూపర్‌మార్కెట్టు ముందు నిలబడలేక రోడ్డెక్కితే, రెండెకరాల మన రైతు సంగతి వేరే చెప్పాలా?

పాలలో తేలిన నిజం

ఈ విషయం పాల కథలో ఇంకా బాగా తెలుస్తుంది. ఇంగ్లండులో 1933 నుంచి పాల మార్కెటింగ్ బోర్డు ఉండేది. రైతు పోసిన పాలన్నీ బోర్డే కొని కంపెనీలకు అమ్మేది. చిన్న రైతుకు, పెద్ద రైతుకు ఒకే లెక్క. ఇది గుత్తాధిపత్యం, పోటీ రావాలి అని వాదించి 1994లో బోర్డును ఎత్తేశారు. మొదట్లో ధర బాగానే వచ్చింది. పోనుపోను కొనే కంపెనీలు, సూపర్‌మార్కెట్లు కొద్దిమంది చేతుల్లోకి పోయాయి. 1990ల మధ్య నుంచి ఇప్పటికి అక్కడ మూడింట రెండు వంతుల పైగా పాడి రైతులు తప్పుకున్నారు. పాల ఉత్పత్తి మాత్రం తగ్గలేదు. అంటే పెద్ద డెయిరీలు మిగిలాయి, చిన్నవి పోయాయి. బోర్డు పోవడం ఒక్కటే దీనికి కారణం అనలేం. కొత్త యంత్రాలు, ఖర్చులు కూడా కారణమే. 2015 ఆగస్టులో స్టాఫర్డ్ పట్టణంలో కడుపు మండిన రైతులు ఆవులను తోలుకుని సూపర్‌మార్కెట్టు లోపలికే పోయారు.

ఆ తర్వాత ఏమైంది? సూపర్‌మార్కెట్లు సరుకు ఇచ్చేవాళ్లను సతాయించకుండా చూడడానికి 2013లోనే ఒక మధ్యవర్తి అధికారిని పెట్టి ఉన్నారు. 2024లో పాలకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చారు. పాలు కొనే కంపెనీ రైతుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ధర ఎట్లా కడతారో అందులో రాయాలి, ఇష్టమొచ్చినట్లు షరతులు మార్చకూడదు. బోర్డు ఎత్తేసిన 30 ఏళ్లకు అదే దేశం మళ్లీ తక్కెడ దగ్గర ఒక మనిషిని నిలబెట్టింది. స్వేచ్ఛా విపణికి పుట్టినిల్లు లాంటి దేశంలోనే ఇట్లా జరిగిందంటే మనం ఆలోచించాలి.

మన దగ్గర చూడండి. ఒకప్పుడు జిల్లా పాడికి పెద్ద దిక్కుగా ఉన్న చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ప్రయివేటు డెయిరీలు పల్లె పల్లెకూ వచ్చాయి. నాలుగు కంపెనీలు పోటీ పడే ఊళ్లో రైతుకు లాభమే, ఈ మాట కాదనలేం. ఒకే వ్యాను వచ్చే ఊళ్లో మాత్రం వాళ్లు చెప్పిందే వెన్న శాతం, వాళ్లిచ్చిందే రేటు. పుంగనూరు దగ్గర ఒక అమ్మ నాతో అన్న మాట ఇది: "పాలు పితికేది నేను. మిషన్లో నంబరు చూసేది వాళ్లు. ఆ నంబరు ఏందో నాకు తెలిస్తే గదా నాయనా అడిగేది!"

దీనికి జవాబు కూడా మన గడ్డ మీదే ఉంది. తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీకి పాలు పోసే ఆడవాళ్లే యజమానులు. ఇది సర్కారు సంస్థ కాదు, ఒక షావుకారు సొత్తూ కాదు. మార్కెట్టులోనే ఉంటూ తక్కెడను తమ చేతిలోకి తెచ్చుకున్న దారి అది.

కుప్పానికి వచ్చిన లండన్ గాలి

ఇంగ్లండు గాలి మన రాష్ట్రానికి నేరుగా కూడా వీచింది. 1995 నుంచి 2004 వరకు నారా చంద్రబాబు నాయుడు మొదటిసారి ముఖ్యమంత్రిగా ఉన్నారు. కుప్పం అప్పుడూ ఇప్పుడూ ఆయన నియోజకవర్గమే. 1999లో 'విజన్ 2020' పత్రం వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ సాయ విభాగం ఆంధ్రప్రదేశ్‌కు భారీగా నిధులిచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థలను సంస్కరించే, అమ్మే కార్యక్రమానికి ఆ నిధులతోనే ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ పేరు మీది సలహా సంస్థ పనిచేసింది. అట్లా లండన్‌లో రాసుకున్న సిద్ధాంతం హైదరాబాద్ ఫైళ్లలోకి వచ్చింది.

అదే కాలంలో కుప్పంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో ప్రదర్శన క్షేత్రం పెట్టారు. డ్రిప్పు, ఎరువును నీళ్లతో కలిపి ఇచ్చే పద్ధతి అక్కడ చూసి నేర్చుకున్న రైతులున్నారు. కుప్పం వైపు డ్రిప్పు పైపు లేని కూరగాయల మడి ఈరోజు అరుదే. సాంకేతికత నిలబడింది. కానీ సర్కారు అండ తగ్గినాక, చిన్న కమతాలను కలిపి కంపెనీతో ఒప్పంద సేద్యం చేయించే నమూనా ఊళ్లలో పాతుకుపోలేదు.

విజన్ పత్రం వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని చెప్పింది. మరి ఆ తగ్గేవాళ్లు ఎక్కడికి పోవాలి? 2001 జూన్ నెలాఖరులో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' అనే కార్యక్రమం జరిగింది. చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అధికారుల, కంపెనీల, శాస్త్రవేత్తల వాదనలు విని ఆ దారి మాకొద్దని తీర్పు చెప్పారు. ఆ తీర్పు లండన్ దాకా పోయి అక్కడ పెద్ద గొడవే అయింది. మన రైతు మాట అక్కడి సాయం లెక్కలను ప్రశ్నించింది.

మన సరిహద్దులో మన 'కార్న్ లా'

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. పొద్దున కర్ణాటకలో కాఫీ తాగి, మధ్యాహ్నం తమిళనాడులో భోంచేసి, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఇక్కడి రైతు మదనపల్లెకూ పోతాడు, కోలారుకూ పోతాడు. ఎక్కడ ధర ఉంటే అక్కడికి పోయే స్వేచ్ఛ ఆయనకు ప్రాణం.

2025 జూన్‌లో ఏమైంది? తోతాపురి మామిడి విరగ కాసింది. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర పాత నిల్వలు ఉన్నాయని ధర పడిపోయింది. ప్రభుత్వం కిలోకు రూ.12 వచ్చేట్టు ఏర్పాటు చేసింది. ఫ్యాక్టరీ రూ.8 ఇవ్వాలి, సర్కారు రూ.4 కలపాలి. దాంతో పాటు చిత్తూరు జిల్లా యంత్రాంగం పక్క రాష్ట్రాల తోతాపురి రాకుండా చెక్‌పోస్టులు పెట్టింది. మన రైతుకు ఊరట అనిపించింది. కానీ కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతు గొల్లుమన్నాడు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య ఆంధ్ర ముఖ్యమంత్రికి లేఖ రాశారు.

ఇది 1815 నాటి కార్న్ లా లాంటిదే. గేటు వేస్తే లోపలివాడికి నాలుగు రూపాయలు నిలుస్తాయి. కానీ రేపు కర్ణాటక వాళ్లు మన టమోటాకు గేటు వేస్తే? ఈ విషయంలో స్వేచ్ఛా విపణి వాదుల హెచ్చరిక నిజమే. గేటు రెండు వైపులా మూసుకుంటుంది. పైగా గేటు వేసినా కొన్ని ఫ్యాక్టరీలు రూ.8 ఇవ్వలేదని రైతులు వాపోయారు. అడ్డం గేటు దగ్గర వేస్తే చాలదు, తక్కెడ దగ్గర కూడా చూసుకోవాలి.

పెరిగితే సర్కారు, పడితే దేవుడు

టమోటాకు మద్దతు ధర లేదు. యాలంలో ఎంత పలికితే అంతే. లండన్ పెద్దలు కోరుకునే స్వేచ్ఛా మార్కెట్టు ఇదే అనుకోవచ్చు. కానీ 2023ను గుర్తు చేసుకోండి. జూలై నెలాఖరుకు మదనపల్లెలో మొదటి రకం కిలో రూ.200 దగ్గరికి పోయింది. అప్పుడు ఏం జరిగింది? కేంద్రం తన సంస్థల చేత మన మార్కెట్లలోనే టమోటా కొనిపించి ఢిల్లీ వంటి నగరాల్లో తక్కువ ధరకు అమ్మించింది. ఆగస్టులో నేపాల్ నుంచి దిగుమతి చేసుకుంటున్నామని ప్రకటించింది. సెప్టెంబరు వచ్చేసరికి అదే టమోటా కిలో పది రూపాయల చుట్టుపక్కలకు పడిపోయింది. అప్పుడు మాత్రం "మార్కెట్టు గదా, ఏం చేస్తాం" అన్నారు.

ధర పెరిగితే సర్కారు దిగుతుంది, పడితే దేవుడి మీద భారం వేస్తుంది. ఇది స్వేచ్ఛా విపణి కాదు, రక్షణా కాదు. లాభానికి మూత పెట్టి, నష్టానికి తలుపు తీసి పెట్టడం. మనసులో మాట చెప్పే స్వేచ్ఛా విపణి వాది ఎవరైనా దీన్ని తప్పు అనే అంటాడు. రైతు ఆ వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చకుండా, ఈ భాగాన్ని పట్టుకుని అడగాలి. పైన మూత పెడితే కింద కూడా నేల ఉండాలి. లేదంటే రెండూ వదిలేయండి.

2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాల గొడవ కూడా ఇదే. యార్డు బయట ఎవరైనా కొనవచ్చు అన్నారు. కొనేవాళ్లు పెరిగితే మంచిదే. కానీ బయట తూకం ఎవరు చూస్తారు, డబ్బు ఎగ్గొడితే ఎవరిని అడగాలి, సర్కారు కొనుగోలు మిగులుతుందా అన్న ప్రశ్నలకు రైతుకు నమ్మకం కలిగే జవాబు దొరకలేదు. ఏడాది పోరాటం తర్వాత 2021 చివరలో ఆ చట్టాలు రద్దయ్యాయి. అట్లాగని పాత యార్డులు పుణ్యక్షేత్రాలు అయిపోలేదు. కొన్ని మండీల్లో 'జాక్‌పాట్' పేరుతో అదనంగా తీసుకునే క్రేట్ల మీద, కమీషన్ కోతల మీద రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు.

1776లో స్వేచ్ఛా వ్యాపారం గురించి పుస్తకం రాసిన ఆడమ్ స్మిత్ కూడా ఈ ప్రమాదం చెప్పాడు. ఒకే సరుకు వ్యాపారులు నలుగురు ఒకచోట చేరితే మాటలు చివరకు జనం మీద ధర రుద్దే కుట్రకే దారి తీస్తాయని హెచ్చరించాడు. ఆయన పేరు పెట్టుకున్నవాళ్లు ఈ మాటను తక్కువగా చెబుతారు. మన యార్డులో దీన్నే 'రింగు' అంటారు.

2025 జూలై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మన నుంచి పోయే సరుకుల రకాల్లో 99 శాతానికి అక్కడ సుంకం ఎత్తేయాలన్నది ఒప్పందం. పాల ఉత్పత్తులు, యాపిల్, వంటనూనెల వంటివి మన వైపు మినహాయించుకున్నారు. చిత్తూరు మామిడి గుజ్జు లండన్ అంగడికి పోతే సంతోషమే. ఫ్యాక్టరీకి మిగిలిన సుంకంలో రైతుకు రూపాయి వస్తుందా, పైసా వస్తుందా అన్నది ఇక్కడి తక్కెడే తేలుస్తుంది.

రైతు చేయదగినవి

వాదనలు ఎట్లా పోయినా పంట ఆగదు. మన చేతిలో ఉన్నవి ఇవి:

* అమ్మిన ప్రతిసారీ తక్‌పట్టీ అడిగి తీసుకోండి. తూకం, ధర, కమీషన్, ఇతర కోతలు విడివిడిగా రాసి ఉండాలి. తెల్ల చీటీ పట్టుకుని ఎవరినీ నిలదీయలేం.

* నిబంధనల ప్రకారం కమీషన్ ఎంతో మార్కెట్ కమిటీ కార్యాలయంలో అడిగి, మీ చీటీలో కోతతో పోల్చుకోండి.

* కోతకు ముందురోజు సాయంత్రం కనీసం రెండు మూడు మార్కెట్ల ధరలు ఫోన్‌లో కనుక్కోండి. మదనపల్లె ఒక్కటే కాదు, కోలారు కూడా చూడండి. బాడుగ తీసేసినాక మిగిలేదే అసలు ధర.

* ఊరంతా ఒకే వారం నారు నాటితే ఊరంతా ఒకే వారం కోతకు వస్తుంది. అర ఎకరా చొప్పున పదిహేను దినాల తేడాతో నాటుకుంటే దెబ్బ మొత్తం ఒకేసారి పడదు.

* పది ఇరవై మంది కలిసి ఉత్పత్తిదారుల సంఘంగా అమ్మండి. నలభై క్రేట్లవాడికి లేని బేరం నాలుగు వందల క్రేట్లకు ఉంటుంది.

* కంపెనీతో ఒప్పంద సాగు చేస్తే తెలుగులో రాసిన ఒప్పందం కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ధర, నాణ్యత, డబ్బు ఇచ్చే తేదీ అందులో ఉండాలి.

* సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పొద్దెక్కింది. పుంగనూరు రైతు ఖాళీ క్రేట్లు ఆటోలో సర్దుకుంటూ, నేను ఇంగ్లండు ఆవుల సంగతి చెప్పగానే నవ్వాడు.

"ఆవుల్ని అంగట్లోకి తోలినారా! మనమైతే టమోటాలు రోడ్డు మీద పోస్తాం, అంతే తేడా. అయినా అన్నా, నాకు సర్కారు దానమూ వద్దు, షావుకారు దయా వద్దు. తూకం సరిగ్గా తూయమను, దుడ్డు సరిగ్గా ఇయ్యమను, నాలుగు దినాలు సరుకు దాచుకునేదానికి చల్లని గది ఒకటి చూపించమను. ఆ పైన ఎంత స్వేచ్ఛ ఇచ్చినా తీసుకుంటా."

లండన్‌లోనూ, ఢిల్లీలోనూ, అమరావతిలోనూ వాదించుకునే పెద్దలు ముందుగా ఆయన అడిగిన ఆ మూడింటికీ జవాబు చెప్పాలి.